ఖాళీ అను మాట
బొంబాయి మిల్లు భూముల పునరుద్ధరణమును గూర్చిన స్మారకోపన్యాసము



ఏ మహాశయుని స్మృత్యర్థము ఈ ఉపన్యాసము ఏటేట జరుగుచున్నదో, ఆయన పండితుడు కాడు, ధనవంతుడు కాడు. కరీంనగరు ప్రాంతము నుండి పదునేడేండ్ల ప్రాయమున బొంబాయి చేరి, వర్లీ చాళ్లలో మేనమామ గది మూల చాప పరచుకొని, ముప్పది యేండ్లకు పైగా మిల్లులో సాంచాలు, అనగా మరమగ్గములు, నడిపిన పద్మశాలి. తనకు ముట్టిన గ్రాట్యుటీలో ఒక భాగమును వేరుగా నుంచి, ఏడాదికొకసారి చదువుకొన్నవాని నెవనినైన పిలిచి మనవారికి తెలియు మాటలలో ఒక సంగతి చెప్పింపుడని కోరిన ఆ పెద్దమనిషి, తన పేరు మాత్రము అచ్చులో వేయవలదని నియమము పెట్టెను. ఆ నియమమును నేనును పాటించుచున్నాను. తెలియు మాటలలో చెప్పవలెనను రెండవ నియమమును ఎంతవరకు పాటింపగలనో మీరే చూతురు. నగర ప్రణాళికా రచనలో నలుబదేండ్లు గడపినవానికి సులభమైన మాటలు మరపున పడుట సహజము.

పరిశ్రమలు వెడలిపోయిన నగరమధ్యమును ఆర్థికముగా మరల నిలబెట్టుట యెట్లు అనునది నేడు నాకిచ్చిన విషయము. దీనిని గూర్చి సూత్రములు చెప్పు గ్రంథములకు కొదువ లేదు. వానిని వల్లించుటకు నేను రాలేదు. మరాఠీవారు గిరణ్‌గావ్, అనగా మిల్లుల ఊరు, అని పిలుచుకొన్న పరేలు, లాల్‌బాగు, వర్లీ, శివడీ ప్రాంతమును ఎదుట పెట్టుకొని, అచ్చట జరిగినదానిలో ప్రణాళిక యెంత, ప్రణాళిక పేరిట జరిగినది యెంత అని మాత్రము విచారింతును. ఆ విచారణ యంతయు తుదకు ఒక్క మాట చుట్టును తిరుగును. ఆ మాట 'ఖాళీ'.

1854లో కావస్‌జీ నానాభాయ్ దావర్ అను పారసీ వర్తకుడు తార్‌దేవ్‌లో నూలు మిల్లు స్థాపింప సంకల్పించెను. రెండేండ్లకు అది నడువనారంభించెను. 1861 మొదలు 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధము సాగి, లాంకషైరు మగ్గములకు అచ్చటి ప్రత్తి అందకపోగా, బొంబాయి రేవున ప్రత్తికి పలికిన ధరకు మితి లేకపోయెను. ఆ నడమంత్రపు సిరిలో చాల భాగము సట్టా వ్యాపారములో కరగిపోయినను, మిగిలిన కొంత తరువాతి దశాబ్దములలో మిల్లుల గోడలుగా లేచెను. రత్నగిరి, సతారాల నుండి మరాఠీలు, గంగా తీరము నుండి ఉత్తరాదివారు వచ్చి చేరిరి. మనవారు అంతకు పూర్వమే ఇచ్చట నుండిరి. కామాఠీపుర మను పేరు, రాళ్లు మోసి ఈ నగరమును కట్టిన తెలుగు కామాఠీల వలన కలిగినదే. తరువాత నిజాం రాజ్యములోని తెలుగు సీమ నుండి పద్మశాలీలు గుంపులుగా వచ్చి మిల్లుల నేత ఖాతాలలో, అనగా నేత విభాగములలో, కుదురుకొనిరి. ఇంటివద్ద మగ్గపు గుంటలో కూర్చుండి నేసిన చేతులే యిచ్చట మిల్లు భోంగా కూతకు లేచి, పాళీల (పని వంతుల) లెక్కన నిలువుకాళ్లపై నేసినవి.

మిల్లు అనగా జీతమిచ్చు కర్మాగారము మాత్రమే యని తలచువాడు గిరణ్‌గావ్‌ను సగమే చూచినవాడు. ఆ కాలమున మగవాడు ఆలుబిడ్డలను ఊరిలో విడిచి ఒంటరిగా వచ్చెడివాడు. నలుగురుండదగిన గదిలో పదుగురు, పాళీలు వేరగుటచే ఒకరు లేచిన చాపపై వేరొకరు పండుకొనెడివారు. వంటకు చోటు లేదు, వేళయు లేదు. కనుక పక్క గదిలోని యిల్లాలు, పెక్కు సందర్భములలో మగడు చనిపోయినదో విడిచిపెట్టినదో, పదిమందికి, ఇరువదిమందికి అన్నము వండిపెట్టి నెల కాగానే సొమ్ము పుచ్చుకొనెడిది. ఇవియే ఖానావళులు. జీతము నాడు చెల్లింపు, జీతము రాని నాడు అప్పు. వడ్డీవాని యొద్ద ఆమె అప్పు, ఆమె యొద్ద కార్మికుని అప్పు. 1975లో ప్రేమా పురవ్ గారు అన్నపూర్ణా మహిళా మండలమును స్థాపించి, ఈ స్త్రీలకు బ్యాంకుల నుండి ఋణము లిప్పించు వరకు, వీరు చేయునది వృత్తి యని గుర్తించిన కార్యాలయ మొక్కటియు లేదు. నేను ఉద్యోగమున చేరిన క్రొత్తలో చూచిన భూవినియోగ పటములలో మిల్లులకు ఊదారంగు, నివాసములకు పసుపు రంగు పూయబడి యుండెను. ఖానావళి పసుపు రంగులో నుండెను గనుక అది నివాసము; అచ్చట వ్యాపారము లేదు, సంపాదన లేదు, పోగొట్టుకొనుటకు ఏమియు లేదు! పునరుద్ధరణ ప్రణాళికలలోని తొలి దోషము ఈ రంగుల పెట్టెలోనే పుట్టినదని నా అభిప్రాయము.

సమ్మెను గూర్చి మీకు నేను చెప్పవలసినది స్వల్పము; మీలో చాలమంది యిండ్లలో అది యింకను కథ కాలేదు. 1982 జనవరి 18వ తేదీన దత్తా సామంత్ నాయకత్వమున సుమారు రెండున్నర లక్షల మంది పని విడిచిరి. వేతనము, బోనసు అటుండగా, 1946 నాటి పారిశ్రామిక సంబంధముల చట్టము ఒకే సంఘమునకు ప్రాతినిధ్యపు హక్కును కట్టబెట్టుట వారి కడుపుమంటకు మూలము. ఆ సమ్మె ముగిసినదని ఎవరును లాంఛనముగ ప్రకటింపలేదు. సమ్మెయే మిల్లులను చంపినదను మాట తరచుగ వినవచ్చును. అది సగము సత్యము. యంత్రములను మార్చక, లాభములను వేరు వ్యాపారములకు తరలించి, గుడ్డను చౌకగ భీవండి సాంచాలపై నేయించు పద్ధతి సమ్మెకు మునుపే వ్యాపించెను. భీవండిలో ఆ సాంచాలను నడిపినవారిలో మనవారు కూడ నుండిరన్నది చెప్పుకొనుటకు కష్టమైనను దాచరాని సంగతి. అన్న పాళీ పోయినచోట తమ్మునికి చౌక కూలి దొరకెను. 1983లో కేంద్ర ప్రభుత్వము పదమూడు మిల్లుల నిర్వహణమును చేపట్టెను. తక్కిన వానిలో కొన్ని మూతబడెను, కొన్ని మూలుగుచు నడిచెను. నూలు విలువ తగ్గుచుండగా నేల విలువ పెరుగుచుండెను. ఈ రెండు గీతలు ఒకదాని నొకటి దాటిన నాటినుండి మిల్లు యజమానికి మిల్లు నడుపుట నష్టము, మూయుట లాభము.

ఇచ్చట ప్రణాళికాకారుడు ప్రవేశించెను. 1991 నాటి అభివృద్ధి నియంత్రణ నిబంధనలలో 58వది మిల్లు భూములకు సంబంధించినది. యాబదికి పైగా మిల్లులు, సుమారు 600 ఎకరముల నేల, అదియు నగరపు నడిబొడ్డున. మిల్లు భూమిని వేరు పనులకు మార్చునపుడు మూడవ వంతు తోటలు, మైదానములు మున్నగు ప్రజోపయోగములకై నగరపాలక సంస్థకును, మూడవ వంతు సామాన్యుల యిండ్లకై రాష్ట్ర గృహనిర్మాణ సంస్థయగు మ్హాడాకును, మిగిలిన మూడవ వంతు యజమానికిని చెందవలెనని దాని తాత్పర్యము. యజమాని యమ్ముకొన్న దానిలో వచ్చు సొమ్ము ప్రత్యేక ఖాతాలో నుండి, కార్మికుల బాకీలకును మిల్లుల బాగుకును ఖర్చు కావలయును. కాగితముపై ఇంత న్యాయమైన పంపకమును నా వృత్తి జీవితములో నేను అరుదుగ చూచితిని. అయితే పాత కట్టడమును కూల్చక, దాని లోపలి పనిని మాత్రము మార్చుకొన్నవాడు పంపకమును తప్పించుకొను సందు అందులోనే యుండెను. కార్మికుల వినోదమునకని అనుమతి పొందిన చోట బౌలింగు ఆట వెలసిన వింత నాటి పత్రికల కెక్కినది.

1996లో రాష్ట్ర ప్రభుత్వము, కేంద్ర ప్రభుత్వమునకు చెందిన జాతీయ వస్త్ర సంస్థ చేతిలోనున్న ఇరువదియైదు మిల్లుల భూములను గూర్చి ఆలోచించుటకు వాస్తుశిల్పి చార్లెస్ కొరియా గారి అధ్యక్షతన ఒక సంఘమును నియమించెను. ఆ సంఘపు నివేదికలోని ఆలోచన సులభమైనది, కనుకనే గొప్పది. మిల్లు మిల్లుకు విడివిడిగ మూడు ముక్కలు చేసిన యెడల నగరమునకు దక్కునవి గోడ ప్రక్క చీలికలు, మూలలు. అన్నిటిని కలిపి ఒకే పటముగ చూచిన యెడల, ఒకచోటి వాటాను వేరొకచోటికి మార్చి, నిజమైన తోటను, నిజమైన వీధిని, నిజమైన ఇండ్ల వరుసను సాధింపవచ్చును. పరేలు, అప్పటి ఎల్ఫిన్‌స్టన్ రోడ్డు రైలు స్టేషనులు ఒకదాని కొకటి ఆనుకొనియుండినను, వాని నడుమ జనులు మెదలుటకు చోటు లేకుండెను. అందుచేత మిల్లు నేలలో పాదచారుల కొక విశాలమైన ఆవరణము విడువవలెనని కూడ సంఘము సూచించెను. నివేదిక అందెను. అల్మరా తలుపు మూతపడెను.

ఇక 2001. ఆ ఏడు నిబంధన సవరింపబడెను. యజమానులు పదేండ్లుగ ముందుకు రాలేదు, కార్మికుల బాకీలు తీరలేదు, కనుక నియమమును సడలించి భూమిని కదిలింపవలెను అనునది ప్రభుత్వము చెప్పిన కారణము. ఆ కారణమును నేను వెక్కిరింపను. బాకీలకై ఎదురుచూచుచు మరణించినవారి నెరుగుదును. కాని సడలింపు జరిగిన తీరు చూడుడు. మూడు వంతులుగ పంచవలసినది మిల్లు భూమి మొత్తము కాదు, దానిలో కట్టడము లేక ఖాళీగానున్న నేల మాత్రమే.

వినుటకు ఇది చిన్న మాట. దీని బరువు తెలియవలెనన్న నేత ఖాతా కప్పును తలచుకొనవలెను. మగ్గములు నేలపై పరచుకొని నిలుచును. వాని అదరు మేడలకు పడదు. దారము తెగినది కనబడుటకు నీడలేని వెలుతురు కావలెను గనుక రంపపు పండ్ల వంటి కప్పులు వేసి, ఆ పండ్ల నిలువుభాగపు అద్దముల గుండ ఉత్తరపు వెలుగును దించెడివారు. కనుక నేత ఖాతా స్వభావము చేతనే ఒకే అంతస్తుగ పరచుకొని మిల్లు ఆవరణములో చాల భాగము ఆక్రమించును. ఖాళీ నేల కొద్దిగనే మిగులును. పండ్రెండెకరముల మిల్లు నొకదానిని ఊహింపుడు. తొమ్మిదెకరములు కప్పుల క్రింద, మూడెకరములు ఖాళీ. 1991 భావము ప్రకారము నగరమునకు నాలుగు, మ్హాడాకు నాలుగు, యజమానికి నాలుగు. 2001 మాట ప్రకారము నగరమునకు ఒకటి, మ్హాడాకు ఒకటి, యజమానికి పది. కప్పును మరునాడు కూల్చివేసినను ఆ తొమ్మిదెకరములు 'ఖాళీ' కావు. అవి ఒకప్పుడు నిండియుండెను గదా! మన పల్లెలలో కరణము వ్రాతకున్న మహిమను గూర్చి హాస్యముగ చెప్పుకొందుము. మహానగరమున ఆ మహిమ ఏమాత్రమును తగ్గలేదు.

ఒక పర్యావరణ సంఘము న్యాయస్థానమున కెక్కెను. 2005 అక్టోబరులో బొంబాయి హైకోర్టు, కూల్చిన పిదప తెరపయగు నేలయు పంపకమునకు లోబడునని తీర్పు చెప్పెను. 2006 మార్చి 7వ తేదీన సుప్రీం కోర్టు ఆ తీర్పును త్రోసివేసెను. సవరణ నిలిచెను, ప్రజల వాటా మునుపటి అంచనాలో అయిదవ వంతుకు అటునిటుగ పడిపోయెనని లెక్క కట్టినవారు చెప్పిరి. ఈ నడుమ 2005లోనే జాతీయ వస్త్ర సంస్థ అయిదు మిల్లులను వేలము వేసెను. వానిలో ఒక్కదానికే 702 కోట్ల రూపాయలు పలికెను, అయిదింటికి సుమారు రెండువేల కోట్లు.

గోపురముల వంటి మేడలు లేచెను. అచ్చట ఉద్యోగములు పుట్టలేదని నేననను. ద్రవ్యసంస్థలు, టెలివిజను కార్యాలయములు, ప్రకటనల సంస్థలు వచ్చెను. వేలమంది ప్రతిదినము అచ్చట దిగి పనిచేయుచున్నారు. ఆ ఉద్యోగములు గొప్పవే. కాని నేత ఖాతాలో పనిచేసినవాని కుమారుని నేనచ్చట చూచినది ద్వారము వద్ద, కావలివాని దుస్తులలో. అతడు లోపలికి పోవు మార్గమును నిర్మించుట ఎవరి ప్రణాళికలోను లేదు. మిల్లు మూతకును మేడ ప్రారంభమునకును నడుమ గడచిన పది పదునైదేండ్లలో అతడు చదువు మాని పనికి పోయెను. అతని తల్లి ఖానావళి మూసెను. నేలను ఇరువదేండ్లు ఎదురుచూపింపవచ్చును, దాని ధర పెరుగును. మనుష్యుని ఎదురుచూపించిన యెడల వాని ధర తరుగును.

2017 సెప్టెంబరు 29వ తేదీ ఉదయము, వాన కురియుచుండగా, ఎల్ఫిన్‌స్టన్ రోడ్డు స్టేషను పాదచారుల వంతెనపై త్రొక్కిసలాట జరిగి ఇరువదిమువ్వురు మరణించిరి. మిల్లుల కాలపు ఇరుకు వంతెన. దానిపై కార్యాలయముల కాలపు జనసమ్మర్దము. కొరియా సంఘము కోరిన ఆవరణము ఏర్పడియుండినచో ఆ దుర్ఘటన తప్పియుండెడిదని నేను ప్రతిజ్ఞ చేయజాలను. అయితే ఇరువదియొక్క యేండ్లకు పూర్వము, ఇచ్చటనే, జనులు నడచుటకు చోటు చాలదని వ్రాసిపెట్టినవారుండిరి. తరువాత సైన్యము వచ్చి 2018 ఫిబ్రవరి నాటికి క్రొత్త వంతెన నిలబెట్టెను. తలచుకొన్న యెడల నాలుగు నెలల పని!

ఇతర దేశములలో ఇట్లే జరిగెనా? అన్నిట కాదు. స్పెయిను దేశమున బిల్బావో నగరము నౌకానిర్మాణము, ఉక్కు నమ్ముకొని బ్రతికి, 1980ల నాటికి చితికిపోయినది. అచ్చటి గుగెన్‌హైమ్ చిత్రశాలను, 1997లో తెరచినదానిని, లోకమంతయు పొగడును. ప్రతి నగరాధ్యక్షుడును తన ఊరిలో అట్టి వింత కట్టడ మొకటి కావలెననును. వారు చూడవలసినది కట్టడము కాదు, దాని వెనుకనున్న ఖాతా పుస్తకము. 1992లో కేంద్ర ప్రభుత్వమును, బాస్కు ప్రాంతీయ సంస్థలును సరిసమాన భాగస్వాములుగ ఒక ప్రభుత్వ సంస్థను స్థాపించినవి. రేవు, రైల్వేల వంటి ప్రభుత్వ సంస్థల పాడుబడిన నేలలు దాని చేతికి వచ్చెను. నదీతీరమున విలువగల నేలను అమ్మగా వచ్చిన లాభమును అది రైలుమార్గములను సరిచేయుటకును, విలువలేని పేద పేటలను బాగుచేయుటకును వెచ్చించెను. అచ్చటను ఇండ్ల ధరలు పెరిగెను, అచ్చటను అసంతృప్తులు కలరు. అయినను ఒకచోటి నేల లాభము వేరొకచోటి లోపమును పూడ్చుట కను ఎదుట జరిగెను. మనకు ఇరువదియైదు మిల్లులు ప్రభుత్వ సంస్థ చేతిలోనే యుండెను. ఇంతకన్న సులువైన అవకాశము బిల్బావోకు లేదు.

ఇట్టి నగరమధ్యమును చేపట్టువానికి నేను చెప్పునది వరుసను గూర్చి. మొదట ప్రజల వాటాను కొలిచి, కంచె వేసి, స్వాధీనపరచుకొని, ఆ పిదపనే అమ్మకమునకు అనుమతి నీయవలెను. అమ్మినపిదప తీసికొందమన్న వాటా చేతికి రాదు. అచ్చట ఎవరు దేనితో బ్రతుకుచున్నారో, ఖానావళి మొదలు సాంచా మరమ్మతువాని వరకు, ఇంటింటికి పోయి పట్టిక వ్రాసికొనవలెను; ఈ పని రంగులు పూయుటకు ముందు జరుగవలెను. మూతకును పునఃప్రారంభమునకును నడుమనున్న కాలమును తగ్గింపవలెను. అది సాధ్యము కానిచో ఆ కాలములోని పాత కొట్లను స్వల్పమైన అద్దెకు చిన్న పనివారి కీయవలెను. రంపపు పండ్ల కప్పు క్రింద దర్జీ కూర్చుండవచ్చును, వడ్రంగి కూర్చుండవచ్చును, నేర్పు బడి నడువవచ్చును. ఉత్తరపు వెలుగు వారికిని మంచిదే.

ఈ ముచ్చట మన ఊళ్లది కూడ. వరంగల్లున 1934లో నిజాము ప్రభువు కాలమున వెలసిన ఆజంజాహి మిల్లు వేలమందికి అన్నము పెట్టి, మూతబడెను. వరంగల్లు అంచున గీసుగొండ, సంగెము గ్రామముల వద్ద 2017లో క్రొత్త వస్త్రోద్యానమునకు శంకుస్థాపన జరిగెను. బొంబాయికిని, సూరతుకును, భీవండికిని పోయినవారిని వెనుకకు రప్పింతుమని పెద్దలు చెప్పిరి. మంచిదే. అయితే నగరమధ్యమున నేల అమ్ముడుపోవుచు, పని నగరాంచలమునకు పోవుచున్నప్పుడు, నడుమ నివసించువాడు ఏ బస్సులో పోవునన్నదియు ప్రణాళికలోని విషయమే యని మనవి.

చివరకు ఇండ్ల మాట. మ్హాడా వాటాగ దక్కిన నేలలపై కట్టిన ఇండ్లను మిల్లు కార్మికులకు లాటరీ వేసి యిచ్చుట 2012లో మొదలయ్యెను. సుమారు లక్షన్నర మంది అర్జీలు పెట్టుకొనగా, ఆ తొలి లాటరీలో నున్నవి 6,925 ఇండ్లు. 2016లో వేసినవానిలో 2,417 ఇండ్లు పన్వేలు వద్ద కోన్‌లో, గిరణ్‌గావ్‌కు ఎంతో దూరమున. అర్హతకు 1982 జనవరి 1వ తేదీని గీతగ పెట్టిరి. ఆ నాడు గాని, ఆ పిదప గాని పట్టీలో పేరున్నవాడు, లేక వాని వారసుడు. ఆ సంగతిని ఋజువు చేయవలసినవాడు కార్మికుడే. మిల్లు నేలకు సర్వే సంఖ్య కలదు, పటము కలదు, గజము గజమునకు దస్తావేజు కలదు. అందు పనిచేసినవానికి ఉన్నది ఒక టిక్కెట్టు నంబరు. సమ్మెలో పస్తులుండి సిరిసిల్లకో, జగిత్యాలకో తిరిగిపోయిన మనవారిలో ఎందరికి ఈ లాటరీ సంగతి తెలిసినదో, తెలిసినవారిలో ఎందరి యొద్ద ఆ నంబరు మిగిలినదో, మీకే యెరుక.

కనుక నా మనవి యొక్కటి. మీ యిండ్లలో, ఊరిలోని మీ అన్నదమ్ముల యిండ్లలో, పాత ట్రంకు పెట్టెల అడుగున, మిల్లు హాజరు కార్డో, జీతపు చీటియో, ఈఎస్ఐ పుస్తకమో, ప్రావిడెంటు ఫండు కాగితమో యున్నచో దయచేసి పారవేయకుడు. అవి అక్కరకు వచ్చినను రాకున్నను, ఎవరెవరు ఎచ్చట పనిచేసిరో చెప్పు పట్టిక మన యొద్దనైన నుండవలెను. ఆదివారము ఉదయములందు ఈ భవనపు క్రింది గదిలో వానిని చూచి, నకలు తీసికొని, అసలు కాగితమును మీ చేతికే తిరిగి యిచ్చువారుందురు.